విత్తనమెంత? వానెంత?

2025 నవంబర్ 2న నవీ ముంబైలోని డీవై పాటిల్ స్టేడియంలో భారత మహిళల జట్టు దక్షిణాఫ్రికాను 52 పరుగుల తేడాతో ఓడించి తొలిసారి వన్డే ప్రపంచకప్ గెలిచింది. గెలిచిన జట్టులో కడప జిల్లా ఎర్రమల్లె అమ్మాయి నల్లపురెడ్డి శ్రీచరణి ఉంది. ఎడమచేతి స్పిన్నర్. వయసు 21. అదే ఏడాది ఏప్రిల్ 27న కొలంబోలో శ్రీలంక మీద తొలి వన్డే ఆడిన అమ్మాయి, ఆరు నెలలు దాటేసరికి ప్రపంచకప్‌లో 9 మ్యాచ్‌లు ఆడి 14 వికెట్లు తీసింది. భారత జట్టులో ఆమెకంటే ఎక్కువ వికెట్లు తీసింది దీప్తి శర్మ ఒక్కతే, 22.

ఆ తర్వాత సన్మానాలు వరుసకట్టాయి. రాష్ట్ర ప్రభుత్వం రెండున్నర కోట్ల నగదు, కడపలో వెయ్యి గజాల ఇంటిస్థలం, గ్రూప్-1 ఉద్యోగం ప్రకటించింది. మహిళల ప్రీమియర్ లీగ్‌లో అంతకుముందు ఆమెను 55 లక్షలకు తీసుకున్న ఢిల్లీ క్యాపిటల్స్, నవంబర్ వేలంలో కోటీ 30 లక్షలు పెట్టి మళ్లీ తనే దక్కించుకుంది.

ఇంత పేరు వచ్చిన ఎవరి గురించైనా నాలుగు రోజులకు ఒక ప్రశ్న లేస్తుంది. కడప ఏడురోడ్ల దగ్గర టీ తాగేవాళ్లు అడిగితే అది ఇలా ఉంటుంది: "మన చరణి నిజంగా అంత పెద్ద బౌలరేనా, లేకుంటే మన జిల్లా బిడ్డ అని మనమే ఎక్కువ జేసి మాట్లాడుకుంటాండామా?" అమెరికాలో ఫుట్‌బాల్ జట్టును నడిపే క్వార్టర్‌బ్యాక్ మీద కూడా ఏటా ఇదే వాదన జరుగుతుంది. ప్రశ్న అడగడంలో తప్పేమీ లేదు. అభిమానం, అసూయ రెండూ పక్కన పెట్టి దీనికి జవాబు వెతికే దారి గణాంకశాస్త్రం వేసి పెట్టింది. ఆ దారి మొదలైంది పంటపొలాల్లో కాబట్టి రాయలసీమ పాఠకులకు అదేమంత కొత్తగా అనిపించదు.

పేరు, ఫలితం, సత్తా

ఒక క్రీడాకారిణి విషయంలో మూడు సంగతులు ఉంటాయి. ఆమెలో ఉన్న సత్తా మొదటిది. మైదానంలో వచ్చిన ఫలితం రెండోది. జనంలో వచ్చిన పేరు మూడోది. 'ఎక్కువ చేస్తున్నాం' అంటే సత్తాకు మించి పేరు వచ్చిందని అర్థం. చిక్కంతా ఎక్కడంటే, సత్తా కంటికి కనబడదు. కనబడేది ఫలితమే. ఫలితంలో సత్తాతోపాటు ఇంకా చాలా కలిసి ఉంటాయి.

పత్తికొండ, ఆలూరు, వేంపల్లె వైపు వానాధారంగా బుడ్డలు (వేరుశనగ) వేసే రైతుకు ఇది బాగా తెలుసు. ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. ఆ పడేదైనా సమయానికి పడుతుందన్న నమ్మకం లేదు. ఊడలు దిగే వేళకు ఒక పదును తగిలితే చేను నిండా కాయ. అదే వేళకు మూడు వారాలు బెట్ట పెడితే, ఎంత మంచి విత్తనమైనా చెట్టు పీకితే చేతికొచ్చేది నాలుగు కాయలే. కొత్త విత్తనం వేసిన ఏడాది ఎకరాకు నాలుగు బస్తాలు ఎక్కువ పండితే అది విత్తనం బలమా, వాన బలమా? ఒక్క పంటను చూసి అనుభవమున్న రైతు ఎవరూ తేల్చి చెప్పరు. ఇంకో రెండేళ్లు చూద్దాం అంటారు.

వికెట్ల సంఖ్య కూడా ఒక దిగుబడే. అందులో బౌలర్ సత్తా విత్తనం. పిచ్, వాతావరణం, ఎదుటి బ్యాటర్ల అవసరం, క్యాచ్ పట్టే చేతులు, అంపైర్ వేలు, వీటన్నిటినీ కలిపి వాన అనుకోవచ్చు.

2025 జూన్ 28న నాటింగ్‌హామ్‌లో శ్రీచరణి తన తొలి అంతర్జాతీయ టీ20 ఆడింది. 12 పరుగులకే 4 వికెట్లు తీసింది. మరపురాని ఆరంభమే. కానీ ఆ రోజు వాన ఎలా పడిందో కూడా చూడాలి. స్మృతి మంధాన 112 పరుగులు కొట్టడంతో భారత్ 210 చేసింది. 211 కొట్టాల్సిన ఇంగ్లండ్ బ్యాటర్లకు ఆచితూచి ఆడే వీలు లేకపోయింది. బ్యాట్లు ఊపక తప్పలేదు. అలాంటి స్థితిలో కుదురుగా బంతి వేసే స్పిన్నర్‌కు వికెట్లు దొరికే అవకాశం పెరుగుతుంది. జట్టంతా 113కే కుప్పకూలింది. ఆ నాలుగు వికెట్ల వెనక మంధాన బ్యాటు కూడా కొంత ఉంది.

ఫిషర్ మడులు, హడగలి కుర్రాడు

విత్తనాన్నీ వాననూ విడదీయడం ఎలాగో లెక్కగా చెప్పినవాడు రోనాల్డ్ ఫిషర్. 1919లో ఇంగ్లండ్‌లోని రాథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో చేరాడు. అక్కడ 1843 నుంచి గోధుమ పొలాల దిగుబడి లెక్కలు గుట్టలుగా పడి ఉన్నాయి. వాటిలో ఎంత తేడా వాన వల్ల, ఎంత నేల వల్ల, ఎంత ఎరువు వల్ల వచ్చిందో వేరుచేయడానికి ఆయన కట్టిన పద్ధతులే నేటి గణాంకశాస్త్రానికి పునాది.

ఆయన చెప్పినవాటిలో రెండు ఇక్కడ పనికొస్తాయి. మొదటిది పక్కమడి పోలిక, శాస్త్రంలో దీన్ని బ్లాకింగ్ అంటారు. రెండు విత్తనాలను పోల్చాలంటే ఒకే చేలో, ఒకే వాన కింద, పక్కపక్క మడుల్లో వేయాలి. రెండోది చీటీ పద్ధతి, అంటే రాండమైజేషన్. ఏ మడిలో ఏ విత్తనమో మనిషి ఇష్టానికి వదలకుండా చీటీ తీసి నిర్ణయించాలి. లేకపోతే మంచి మడి తనకు నచ్చిన విత్తనానికి పోతుంది.

ఫిషర్ దగ్గర కేంబ్రిడ్జ్‌లో 1948లో పీహెచ్‌డీ పూర్తిచేసిన తెలుగువాడు కల్యంపూడి రాధాకృష్ణారావు, లోకానికి సి.ఆర్.రావు. ఆయన 1920లో పుట్టింది హడగలిలో. ఆ ఊరు అప్పటి బళ్లారి జిల్లాలోది. కడప, కర్నూలు, అనంతపురాలతోపాటు దత్తమండలాల్లో లెక్కకొచ్చే నేల. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కలకత్తా చేరి, 1945లో, పాతికేళ్ల వయసులో, ఒక వ్యాసం రాశారు. చేతిలో ఉన్న సమాచారం ఎంతో, దాన్నుంచి పిండగల కచ్చితత్వానికి ఒక హద్దు ఉంటుందనీ, ఎటూ మొగ్గని లెక్క ఎంత తెలివిగా వేసినా ఆ హద్దు దాటలేమనీ అందులో నిరూపించారు. ప్రపంచమంతా క్రామర్–రావు హద్దు అని చదువుకునేది దాన్నే. 102 ఏళ్ల వయసులో, 2023లో, ఆయనకు అంతర్జాతీయ గణాంక పురస్కారం వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశారు.

రావుగారి హద్దు శ్రీచరణి ప్రశ్నకు నేరుగా తగులుతుంది. పద్నాలుగు వికెట్లు ఎంత చెప్పగలవో అంతే చెబుతాయి.

పద్నాలుగు ఎంత చెబుతుంది?

ప్రపంచకప్‌లో ఆమె వేసింది దాదాపు 78 ఓవర్లు, అంటే 468 బంతులు. సగటున 33 బంతులకు ఒక వికెట్. అదే బౌలర్, అదే సత్తాతో, అలాంటి టోర్నీనే మళ్లీ మళ్లీ ఆడిందని ఊహించుకుందాం. ప్రతిసారీ సరిగ్గా 14 రావు. అదృష్టం అటూఇటూ లాగుతుంది. సంభావ్యత లెక్క ప్రకారం నాలుగింట మూడు సార్లు వికెట్లు 10కీ 18కీ మధ్య ఉంటాయి. మిగతాసార్లు ఇంకా తక్కువో ఎక్కువో వస్తాయి. పది తీసి ఉంటే ఇన్ని సన్మానాలు జరిగేవా? పద్దెనిమిది తీసి ఉంటే ఇంకెన్ని జరిగేవి? బౌలర్ మాత్రం అదే బౌలర్.

వికెట్లకంటే పరుగుల లెక్క కొంత నమ్మదగ్గది. కారణం తేలిక. వికెట్ పడిన బంతులు పద్నాలుగే. పరుగుల గురించి 468 బంతులూ ఏదో ఒకటి చెప్పాయి. మూడు వందలు దాటిన స్కోర్లు ఎన్నో చూసిన ఆ టోర్నీలో ఆమె ఓవరుకు ఐదు పరుగులలోపే ఇచ్చింది. ఇది 14 కంటే గట్టి సాక్ష్యం.

ఇక ఫిషర్ చెప్పిన పక్కమడి పోలిక చేద్దాం. ఒకే రోజు, ఒకే పిచ్ మీద, అవే బ్యాటర్లకు బంతులు వేసిన సాటి బౌలర్లతో పోలిస్తే వాన చాలావరకు తీసేసినట్టే. అక్టోబర్ 12న విశాఖపట్నంలో ఆస్ట్రేలియా 331 పరుగుల లక్ష్యాన్ని 49 ఓవర్లలో కొట్టేసింది. జట్టు మొత్తంగా ఓవరుకు దాదాపు 6.8 పరుగులు ఇచ్చిన రోజున శ్రీచరణి 10 ఓవర్లలో 41 పరుగులిచ్చి 3 వికెట్లు తీసింది. అక్టోబర్ 30న సెమీఫైనల్‌లో అదే ఆస్ట్రేలియా 338 చేసింది. ఆ రోజూ ఆమె 10 ఓవర్లకు 49 పరుగులే ఇచ్చి 2 వికెట్లు తీసింది. ప్రపంచంలోనే బలమైన బ్యాటింగ్ మీద రెండుసార్లు, సాటి బౌలర్లలో చాలామందికి పరుగులు కారిపోతున్న వేళ, ఆమె మడి పచ్చగా ఉంది.

మధ్యలో అక్టోబర్ 19 కూడా ఉంది. ఇండోర్‌లో ఇంగ్లండ్ 50 ఓవర్లలో 288 చేసిన మ్యాచ్‌లో ఆమె 10 ఓవర్లకు 68 పరుగులు ఇచ్చింది. సాటివాళ్ల కంటే ఎక్కువ. ఫైనల్‌లో 9 ఓవర్లకు 48, ఒక వికెట్. ఆ రోజు జట్టు సగటుతో ఇంచుమించు సమానం.

ఫిషర్ ఇంకో అభ్యంతరం కూడా చెప్పి ఉండేవాడు. కెప్టెన్ చీటీలు తీసి ఓవర్లు పంచదు. ఎవరికి ఏ వేళ బంతి ఇవ్వాలో ఆలోచించి ఇస్తుంది. ఫీల్డర్లు దూరంగా నిలబడే మధ్య ఓవర్లకూ, బ్యాటర్లు విరుచుకుపడే చివరి ఓవర్లకూ చాలా తేడా ఉంటుంది. కాబట్టి పక్కమడి పోలిక కూడా పూర్తి తీర్పు ఇవ్వదు. ఒక్క మ్యాచ్ అంకెకంటే మాత్రం ఎంతో మేలు.

ఆ వికెట్ ఎవరిది?

ఫైనల్‌లో ఒక్క బంతిని దగ్గరగా చూద్దాం. దక్షిణాఫ్రికా కెప్టెన్ లారా వోల్వార్ట్ సెంచరీ దాటి 101 మీద ఉంది. ఆమె క్రీజులో ఉన్నంతసేపూ మ్యాచ్ వాళ్ల చేతిలో ఉన్నట్టే. దీప్తి శర్మ వేసిన బంతిని గాల్లోకి లేపింది. డీప్ మిడ్‌వికెట్ నుంచి అమన్‌జోత్ కౌర్ పరుగెత్తుకొచ్చింది. బంతి చేతుల్లో పడి ఎగిరింది. మళ్లీ అందుకోబోతే మళ్లీ జారింది. కిందపడుతూ మూడో ప్రయత్నంలో ఒడిసిపట్టింది. స్కోరుబోర్డులో వికెట్ దీప్తి ఖాతాలో పడింది. ఆ రోజు ఆమె 39 పరుగులకు 5 వికెట్లు తీసినట్టు చరిత్రలో నిలిచింది. అమన్‌జోత్ చేతిలోంచి బంతి మూడోసారీ జారి ఉంటే? దీప్తి వేసిన బంతి అదే. అందులో ఇసుమంత తేడా ఉండేది కాదు. లెక్కలో ఒక వికెట్, బహుశా కప్పే, పోయేది.

అదే ఫైనల్‌లో శ్రీచరణి వికెట్ ఇంకో రకం. అనెకె బాష్‌ను సున్నా మీద ఎల్బీడబ్ల్యూ చేసింది. అక్కడ పట్టే చేతులతో పని లేదు. బంతి, బ్యాటర్ కాలు, అంపైర్, అంతే. అలాంటి వికెట్‌లో బౌలర్ వాటా ఎక్కువ. మరో పక్క, ఓపెనర్ టాజ్మిన్ బ్రిట్స్‌ను అమన్‌జోత్ రనౌట్ చేసింది. ఆ వికెట్ ఏ బౌలర్ ఖాతాలోకీ రాలేదు. ఆ మ్యాచ్‌లో అమన్‌జోత్ ఎంత చేసిందో బౌలింగ్ అంకెలు చూసి ఎవరూ చెప్పలేరు.

అమెరికా క్వార్టర్‌బ్యాక్ వాదన మొత్తం ఈ పంపకం మీదే నడుస్తుంది. జట్టు గెలిస్తే గెలుపు అతని పేరున రాస్తారు. టామ్ బ్రేడీ న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్‌కు ఆరు టైటిళ్లు తెచ్చాక, గొప్పతనం అతనిదా, జట్టుదా అని ఏళ్ల తరబడి కొట్టుకున్నారు. 2020లో అతను టాంపా బే జట్టుకు మారాడు. విత్తనం ఒక చేను నుంచి ఇంకో చేనుకు మారినట్టయింది. ముందు ఏడాది 16 మ్యాచ్‌ల్లో 7 గెలిచిన టాంపా బే ఆ ఏడాది 11 గెలిచి, సూపర్ బౌల్ అనే లీగ్ ఫైనల్ కూడా కొట్టింది. 12 గెలిచిన పాత జట్టు 7కు పడిపోయింది. బ్రేడీ సత్తాకు ఇది బలమైన రుజువే. అయినా ఆ ఫైనల్ స్కోరు 31–9. ఎదుటి జట్టును తొమ్మిది పాయింట్లకు కట్టడి చేసింది డిఫెన్స్ ఆటగాళ్లు. వాళ్లు ఆడేటప్పుడు బ్రేడీ బయట కూర్చున్నాడు.

తర్వాతి పంట తగ్గితే

1886లో ఫ్రాన్సిస్ గాల్టన్ 205 జంటల తల్లిదండ్రుల ఎత్తునూ, వాళ్ల 928 మంది పెద్దయిన పిల్లల ఎత్తునూ పోల్చి ఒక వ్యాసం రాశాడు. బాగా పొడవైన తల్లిదండ్రుల పిల్లలు సగటుకంటే పొడవే. కానీ తల్లిదండ్రులంత కాదు. బాగా పొట్టివాళ్ల పిల్లలు వాళ్లకంటే కాస్త పొడవు. దీన్ని సగటుకు మళ్లడం అనవచ్చు, శాస్త్రంలో పేరు రిగ్రెషన్ టు ద మీన్. ఏ ఫలితంలోనైనా అదృష్టం పాలు ఉంటే, అసాధారణంగా మంచి ఫలితం తర్వాత వచ్చేది మామూలుగా దానికంటే తక్కువే ఉంటుంది. ఎందుకంటే సత్తా వెంట వస్తుంది గానీ ఆ ఏటి వాన మళ్లీ అంతే పడాలని లేదు.

ఇది తెలియకపోతే మనుషుల గురించి తప్పుడు తీర్పులు ఇస్తాం. మనస్తత్వవేత్త డేనియల్ కానెమన్ ఇజ్రాయెల్ వైమానిక దళంలో శిక్షకులకు పాఠం చెప్పినప్పుడు ఒకాయన లేచి, పొగిడితే కుర్రాళ్లు చెడిపోతున్నారు, తిడితే బాగుపడుతున్నారు అని వాదించాడు. కానెమన్‌కు అసలు సంగతి వెంటనే తట్టింది. శిక్షకుడు పొగిడేది విమానం చాలా బాగా నడిపిన రోజున. మర్నాడు ఎలాగూ కాస్త తగ్గుతుంది. తిట్టేది ఘోరంగా నడిపిన రోజున. మర్నాడు ఎలాగూ మెరుగవుతుంది. పొగడ్తకూ తిట్టుకూ సంబంధం లేకుండానే ఆ మార్పు వచ్చేది.

ఈ సూత్రం శ్రీచరణికి చాలా అవసరం. ఇంగ్లండ్ టీ20 సిరీస్‌లో 10 వికెట్లు తీసి ప్లేయర్ ఆఫ్ ద సిరీస్ అయింది. ఆ ఏడాదే ప్రపంచకప్. ఇంత ఎత్తున మొదలైన వాళ్ల అంకెలు ఏదో ఒక సీజన్లో తగ్గకుండా ఉండవు. అప్పుడు వినబడబోయే మాటలు ఇప్పుడే చెప్పవచ్చు. డబ్బు వచ్చింది, స్థలం వచ్చింది, ఉద్యోగం వచ్చింది, ఇంకేం ఆడుతుంది అంటారు. ఆ మాటలు అన్యాయం. ఆమె శ్రమలో వీసమెత్తు తగ్గకపోయినా అంకెలు తగ్గగలవు.

సగటు వైపు లాగే లెక్క

మరి తక్కువ సమాచారంతో సత్తాను అంచనా వేయాలంటే ఎలా? ఛార్లెస్ స్టైన్ అనే గణాంకవేత్త 1950ల్లో ఒక ఉపాయం చెప్పాడు. ఒక్కొక్కరి ఫలితాన్ని అలాగే నమ్మకుండా, అందరి సగటు వైపు కొంత లాగాలి. దీన్ని కుదింపు అంచనా అనుకుందాం, ష్రింకేజ్ అన్నది దీనికే.

బ్రాడ్లీ ఎఫ్రాన్, కార్ల్ మోరిస్ దీన్ని 1970 నాటి అమెరికా బేస్‌బాల్ మీద పరీక్షించారు. 18 మంది బ్యాటర్లు సీజన్ మొదట్లో ఆడిన 45 అవకాశాలు తీసుకున్నారు. రాబెర్టో క్లెమెంటే వందకు 40 చొప్పున అందరికంటే పైన ఉన్నాడు. అందరి సగటు 26.5. ఒక్కొక్కరికీ సగటుకూ ఉన్న దూరంలో ఐదింట నాలుగు వంతులు చెరిపేసి, కొత్త అంచనాలు వేశారు. మిగతా సీజన్ ఫలితాలతో సరిచూస్తే, మొదటి అంకెలను అలాగే నమ్మితే వచ్చే మొత్తం తప్పులో మూడో వంతు కూడా రాలేదు.

క్లెమెంటే దగ్గర మాత్రం ఈ లెక్క తప్పింది. అతను 29 దగ్గర ఉంటాడని చెబితే, మిగతా సీజన్లో దాదాపు 35 కొట్టాడు. క్లెమెంటే అంతకుముందే నాలుగుసార్లు తన లీగ్‌లో మొదటి బ్యాటర్‌గా నిలిచాడని ఆ లెక్కకు తెలియదు. పదిహేనేళ్ల పంట చరిత్ర ఉన్న విత్తనాన్ని కొత్త విత్తనంలా చూసింది. అంటే కొత్తవాళ్ల ఫలితాన్ని గట్టిగా కుదించాలి, చాలా ఏళ్ల చరిత్ర ఉన్నవాళ్లకు ఆ చరిత్రనే నమ్మాలి. వన్డేల్లో రెండు దశాబ్దాలు ఆడిన మిథాలీ రాజ్ లాంటివారికి కుదింపుతో పని లేదు. శ్రీచరణి ఇంకా మొదటి 45 అవకాశాల దగ్గరే ఉంది.

ఇంతకీ జవాబు

అందుబాటులో ఉన్న సాక్ష్యం మూడు మాటలు చెబుతుంది. శ్రీచరణి సత్తా గాలివాటం కాదు. పరుగులు కట్టడి చేయడం, ఆస్ట్రేలియా మీద రెండుసార్లు సాటివాళ్లలో చాలామందికంటే మెరుగ్గా నిలవడం అందుకు ఆధారం. ఆమె ప్రపంచ స్థాయిలో ఎక్కడ నిలుస్తుందో చెప్పడానికి ఒక్క ఏడాది పంట చాలదు. ఇప్పుడున్న పేరు సాక్ష్యాన్ని దాటి కొంత ముందుకు పోయింది. ఈ మూడోదాన్ని పట్టుకుని సత్తానే తక్కువని అనేవాళ్లు, ఆకాశానికి ఎత్తేవాళ్లు చేసిన పొరపాటే చేస్తున్నారు. ఇకముందు వికెట్లకంటే ఓవరుకు ఇచ్చే పరుగులు, అదే రోజు సాటి స్పిన్నర్లతో పోలిక, బ్యాటర్లు ఆమె బంతిని చదవడం నేర్చుకున్నాక వచ్చే రెండో మూడో సీజన్ల అంకెలు చూస్తే బొమ్మ తేటపడుతుంది.

ఈ లెక్కను కడప, కర్నూలు జిల్లాల క్రికెట్ పెద్దలు ఇంకోవైపు నుంచి కూడా చూడాలి. శ్రీచరణి మొదట పేస్ బౌలింగ్ చేసి తర్వాత స్పిన్‌కు మారిన అమ్మాయి. తొలి రోజుల్లో ఒక్క పూట చూసి తీర్పు చెప్పి ఉంటే ఏమయ్యేదో తెలియదు. సెలెక్షన్ ట్రయల్స్‌లో ఒక అమ్మాయికి రెండు ఓవర్లు ఇచ్చి చూశారనుకుందాం. 33 బంతులకు ఒక వికెట్ తీసే బౌలర్‌కు, అంటే ప్రపంచకప్‌లో శ్రీచరణి తీసిన లెక్కన తీసే బౌలర్‌కు, ఆ పన్నెండు బంతుల్లో ఒక్క వికెట్ కూడా పడకపోయే అవకాశం వందకు 70 దాకా ఉంటుంది. ప్రొద్దుటూరు నుంచో ఆదోని నుంచో బస్సెక్కి వచ్చిన పిల్లను అంతమాత్రానికి వెనక్కి పంపడం, బెట్ట పెట్టిన ఏడాది పంట చూసి విత్తనాన్ని పారబోయడమే. కదిరి పరిశోధన కేంద్రం నుంచి కొత్త వేరుశనగ రకం బయటికి రావాలంటే ఎన్నో చోట్ల, ఎన్నో సీజన్లు వేసి చూస్తారు. జిల్లా స్థాయిలో అమ్మాయిలకు ఏటా క్రమం తప్పకుండా లీగ్ మ్యాచ్‌లు పెట్టి, ప్రతి బంతి లెక్క రాసి, రెండు మూడు సీజన్ల తర్వాత ఎంపిక చేస్తే ఆడపిల్లలకూ ఆ పాటి న్యాయం జరుగుతుంది.